వీణ, వచనం, వరి అన్నం: కోనసీమ నుంచి ఈ ఏటి నా ఎంపికలు

ఇష్టమైనవి చెప్పమంటే చాలామంది ఈమధ్య కొత్తగా చేతికొచ్చినవి చెబుతారు. నేను చూసేది ఒక్కటే: రెండోసారికి నిలబడిందా లేదా. పాటైతే మర్నాడు మళ్లీ పెట్టాలనిపించాలి. పుస్తకమైతే ముగింపు తెలిశాక కూడా మధ్యలో ఎక్కడో తెరిచి చదవాలనిపించాలి. బియ్యమైతే పొద్దున వండిన అన్నం రాత్రికి కూడా ముద్ద దిగాలి. ఈ లెక్కన చూస్తే పేరున్నవి కొన్ని పక్కకు తప్పుకుంటాయి, ఎవరూ అంతగా పొగడనివి కొన్ని ముందుకొస్తాయి. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు ఉద్యోగాల మీద కొత్తగా వచ్చేవారికీ, ఇక్కడే పుట్టి పెరిగినా చేతికందే వాటిని పట్టించుకోనివారికీ పనికొస్తుందని రాస్తున్నాను. కాబట్టి ఇక్కడి ఉక్కపోత, చెమ్మ, ఫ్యాను మోత కూడా లెక్కలోకి వస్తాయి.

వీణ: గురువా, శిష్యుడా?

ఈమని శంకరశాస్త్రి 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. ఆయన శిష్యుడు చిట్టిబాబు 1936లో కాకినాడలో పుట్టారు. ఇద్దరి రికార్డులూ ఇప్పుడు ఫోనులో తేలిగ్గా దొరుకుతాయి. మీ ఇంట్లో వీణ వినడం ఇదే మొదలైతే చిట్టిబాబుతో మొదలుపెట్టండి. ఆయన మీటు స్పష్టంగా ఉంటుంది, నాదం ఖంగుమంటుంది, నడక హుషారుగా సాగుతుంది. కోయిల కూతనూ, గంటల మోతనూ, వేదపఠనాన్నీ తీగల మీద పలికించిన మనిషి. 'కొమ్మలో కోయిల' పెట్టి చూడండి, బడికి సంచి సర్దుకునే పిల్లలు కూడా కాస్త ఆగి వింటారు.

ఈమని వారిది వేరే దారి. ఆయన తక్కువ మీటుతారు. ఒకసారి మీటిన తీగ నాదం ఆరిపోయేలోగా, ఎడమచేతి వేలితో ఆ తీగను మెట్టు మీదే పక్కకు లాగుతూ స్వరం వెంట స్వరం తీస్తారు. వాద్యం వింటున్నామన్న సంగతి మరిచిపోయి, లోగొంతుకతో ఎవరో పాడుతున్నారనుకుంటాం. అయితే ఓపిక కావాలి. ఆలాపన మొదట్లో ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. అలవాటు పడ్డాక ఆ మొదటి భాగం కోసమే మళ్లీ పెడతాం. ప్రస్తుతం నా ఓటు ఆయనకే. చిట్టిబాబును పండుగ పొద్దున, ఇంటినిండా చుట్టాలున్నప్పుడు పెడతాను. ఈమనిని ఒక్కదాన్నే ఉన్నప్పుడు వింటాను.

ఒక జాగ్రత్త చెప్పాలి. వీణలో మంద్రస్థాయి, అంటే కింది స్వరాలు, చాలా మెత్తన. మే నెలలో పూర్తి వేగంతో తిరిగే ఫ్యాను కింద, ఫోనుకుండే బుల్లి స్పీకరులో పెడితే సగం సంగీతం ఫ్యాను మింగేస్తుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, లేదంటే ఫ్యాను అక్కర్లేని తెల్లవారుజామున వినండి. ఖరీదైన స్పీకరు కొనే ముందు ఈ రెండూ ప్రయత్నించడం డబ్బుకు మేలు.

గాత్రం దగ్గరికొస్తే మంగళంపల్లి బాలమురళీకృష్ణను దాటి పోనక్కర్లేదు. 1930లో రాజోలు సీమలోని శంకరగుప్తంలో పుట్టారు, 2016లో కన్నుమూశారు. మూల రాగాలైన డెబ్బై రెండు మేళకర్తల్లోనూ కృతులు రాసి, పాడి, వయోలా వాయించి, కొత్త రాగాలు కట్టిన మనిషి కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో కొత్తవారికి తోచదు. నా వరస ఇది. ముందు రామదాసు కీర్తనలు, ఎందుకంటే మాటలు మనకు ముందే వచ్చు, చెవి స్వరం మీద నిలుస్తుంది. తర్వాత తిల్లానాలు, ముఖ్యంగా బృందావని రాగంలోది. మాటల బరువు లేని పాట ఎంత ఉల్లాసంగా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. త్యాగరాజ పంచరత్నాలు ఆ తర్వాతే. మహతి, లవంగి లాంటి నాలుగేసి స్వరాల రాగాలు ఆయన గొప్పతనానికి రుజువులని అందరూ చెబుతారు. నిజమే, కానీ నా మటుకు అవి అబ్బురపరుస్తాయి గాని రోజూ రమ్మని పిలవవు. రామదాసు కీర్తనలు పిలుస్తాయి.

సినిమా పాటల జోలికి పోను. ఆ వాదనకు దిగితే టీ చల్లారడమే గాని తేలేది ఉండదు.

ఇక రేడియోనా, ఫోనా అన్నది. ఏది కావాలంటే అది ఫోనులో దొరుకుతుంది, చిక్కు కూడా అదే. వెతుకులాటలోనే పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది, దాని భక్తిరంజని పొద్దున లేవగానే వేరే ఆలోచన లేకుండా వినదగ్గది. మీరు ఎంచుకోనక్కర్లేదు, వాళ్లు వేసింది వింటారు. అలా విన్నవాటిలోంచే నా ఇష్టాలు సగం పుట్టాయి. ఇంట్లో పాత రేడియో లేకపోయినా ఆకాశవాణి ఫోనులో కూడా వస్తుంది. వంటింట్లో పనిచేసుకునేవారికి రేడియో, ప్రయాణంలో ఉండేవారికి ఫోను అని నేను తీర్పు చెప్పేస్తాను.

రికార్డుల్లో పట్టుబడని సంగీతం ఒకటుంది. కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల శివులు, అంటే ఏకాదశ రుద్రులు, వెదురుతో, రంగు బట్టలతో కట్టిన ప్రభల మీద కొలువుదీరతారు. ఆ డప్పులు, సన్నాయిలు ఫోనులో తీసుకుని ఇంటికొచ్చి వింటే రొద తప్ప ఏమీ ఉండదు. కాలికి బురద అంటినా ఒకసారి వెళ్లి నిలబడాలి.

పుస్తకాలు: ఒకే నది ఒడ్డున రెండు ఆత్మకథలు

ఈ విషయంలో నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) పొలమూరులో పుట్టారు. ముళ్లపూడి వెంకటరమణ (1931–2011) ధవళేశ్వరంలో పుట్టారు. మొదటివారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ', రెండోవారి 'కోతికొమ్మచ్చి' రెండూ స్వీయచరిత్రలే. రెంటిలోనూ గోదావరి గాలి వీస్తుంది. కానీ చదివే మనిషికి పూర్తిగా వేర్వేరు అవసరాలు తీరుస్తాయి.

శ్రీపాదది నింపాది నడక. వేదం, సంస్కృతం చదవాల్సిన ఇంట్లో పుట్టి తెలుగు కవిత్వం వైపు జారుకున్న కుర్రవాడి కథ అది. ఆ జారుకోవడానికి ఇంట్లో ఎదురైన అడ్డంకులు, చదువు కోసం ఊళ్లు పట్టి తిరగడం, ఎవరి అరుగు మీద ఏ మాట విన్నాడో, ఎక్కడ అవమానం పడ్డాడో, అన్నీ తొందర లేకుండా చెబుతారు. వాక్యం పొడుగ్గా ఉంటుంది గాని ఎక్కడా తెగదు, ఎందుకంటే అది నోటితో చెప్పే మాటకు కట్టిన వాక్యం. పెద్దగా చదవండి, అప్పుడు దాని లయ దొరుకుతుంది. ఆయన కథల్లోనూ ఇదే గుణం. పేజీల కొద్దీ సంభాషణ సాగుతుంటే ఎవరు మాట్లాడుతున్నారో పేరు చెప్పకుండానే తెలిసిపోతుంది. ఆడవాళ్ల మాటతీరు ఆయన పట్టుకున్నంత బాగా పట్టుకున్నవాళ్లు ఆ తరంలో నాకు కనిపించలేదు.

ముళ్లపూడిది పేరుకు తగ్గట్టే కొమ్మ నుంచి కొమ్మకు గెంతే పుస్తకం. బాల్యం చెబుతూ పత్రికాఫీసులోకి దూకుతుంది, అక్కడి నుంచి సినిమా సెట్టుకు, మళ్లీ గోదావరి గట్టుకు. పేదరికం గురించి ఇంత నవ్విస్తూ రాసిన పుస్తకం అరుదు, నవ్వు మధ్యలో గొంతు పట్టేసే చోట్లూ ఉన్నాయి. దీనికి రెండు తరువాయి భాగాలు కూడా వచ్చాయి.

ఎవరికి ఏది? పదేళ్లుగా పుస్తకం ముట్టనివారికి, ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు నెమ్మదిగా చదివేవారికి 'కోతికొమ్మచ్చి' ఇవ్వండి. ఏ పేజీ తెరిచినా మొదలే. తెలుగు వాక్యం అంటే ఇష్టమున్నవారికి, రాయాలన్న కోరిక ఉన్నవారికి శ్రీపాద. నా మంచం పక్కన ప్రస్తుతం ఉన్నది శ్రీపాదే. ముళ్లపూడిని ఇష్టపడనని కాదు, ఆయన చమత్కారాలు నాకు కంఠతా వచ్చేశాయి. శ్రీపాదలో మాత్రం తెరిచిన ప్రతిసారీ ఇదివరకు గమనించని ఒక క్రియాపదం దొరుకుతుంది.

నవ్వు కోసమే అయితే ఇంకో జత ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం', వంశీ 'మా పసలపూడి కథలు'. పార్వతీశం మొగల్తూరు నుంచి బారిస్టరు చదువుకు సీమకు, అంటే ఇంగ్లండుకు, బయలుదేరిన అమాయకుడు. మొదటి భాగం 1924లో వచ్చింది, ఇప్పటికీ హాయిగా చదివిస్తుంది. మిగతా రెండు భాగాలు తీరిక ఉంటేనే, పట్టుబట్టి పూర్తి చేయాల్సిన అవసరం లేదు. పసలపూడి కథలు చిన్నవి, స్వాతి వారపత్రికలో వచ్చినవి, బాపు బొమ్మలతో ఉన్నవి. అమలాపురం నుంచి రాజమహేంద్రవరం బస్సులో వెళ్లేలోగా కొన్ని అయిపోతాయి. వాటిలో తిండి వర్ణనలు మళ్లీ మళ్లీ చదువుకోవచ్చు, కొసమెరుపులు మాత్రం ఒకసారికే. ఆకలితో ఉన్నప్పుడు తెరవకండి.

లావాటి పాత నవల కావాలంటే భీమవరంలో పుట్టిన అడవి బాపిరాజు 'నారాయణరావు' ఉంది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'తో బహుమతి పంచుకున్న నవల. వేసవి సెలవులకు అట్టిపెట్టుకోండి.

అచ్చు పుస్తకమా, ఫోనులో చదవడమా అన్నది మామూలుగా అభిరుచి ప్రశ్న, డెల్టాలో మాత్రం చెమ్మ ప్రశ్న. ఆగస్టు నుంచి నవంబరు దాకా గోడకు ఆనించిన బీరువాలో పుస్తకం అట్ట మీద తెల్లటి బూజు వస్తుంది, పేజీలు అలలుగా వంకర తిరుగుతాయి. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి. పుస్తకాలను బిగించి పేర్చకండి, గాలి ఆడాలి. పురుగు పట్టకుండా ఎండబెట్టిన వేపాకు మధ్యలో పెట్టడం పాత పద్ధతి. పచ్చి ఆకు పెడితే అదే చెమ్మ. వాన విడిచిన రోజు పుస్తకాలను నీడలో, గాలి తగిలేలా తెరిచి ఉంచితే చాలు, నేరుగా ఎండలో పెడితే జిగురు విడిపోతుంది. ఇవన్నీ చేసే ఓపిక లేనివారు రోజువారీ చదువు ఫోనులో కానిచ్చి, మళ్లీ మళ్లీ చదివేవి మాత్రం అచ్చులో ఉంచుకోవడం మంచిది. అరుదైన పాత పుస్తకం చూడాలంటే రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం ఉండనే ఉంది, తాళపత్రాలు కూడా అక్కడ ఉన్నాయి.

కంచం దగ్గర: స్వర్ణా, సాంబమసూరా?

సంగీతం, సాహిత్యం వరుసలో బియ్యమేమిటని కొందరు నవ్వుతారు. రోజుకు రెండు పూటలు నోట్లో పెట్టుకునే దాన్ని ఎంచుకోవడానికి పట్టే శ్రద్ధ, ఏడాదికోసారి వినే కచేరీకి పట్టే శ్రద్ధ కంటే తక్కువ ఎందుకుండాలి?

స్వర్ణ మన పశ్చిమ డెల్టాలోని మార్టేరు పరిశోధన కేంద్రం విత్తనం. ఎంటీయూ 7029 అని రైతులు నంబరుతోనే పిలుస్తారు, 1982లో విడుదలైంది. దాని తల్లిదండ్రులు వశిష్ఠ, మసూరి అనే రెండు వరి రకాలు. నరసాపురం పక్కనుంచి పారే గోదావరి పాయ పేరే ఒక వరి వంగడానికి ఉండటం నాకు భలే ఇష్టం. సాంబమసూరి, అంటే బీపీటీ 5204, బాపట్లది, 1986లో వచ్చింది, దానిలోనూ మసూరి రక్తం ఉంది. కాబట్టి రెండూ దాయాదులే.

తేడా కంచంలో తెలుస్తుంది. సాంబమసూరి గింజ సన్నం, అన్నం పొడిపొడిగా మల్లెమొగ్గల్లా ఉంటుంది. చుట్టాలొస్తే, పులిహోరకు, నెయ్యి వేసుకుని తినే మొదటి ముద్దకు దానికి సాటి లేదు. స్వర్ణ గింజ కొంచెం పొట్టి, లావు. కంటికి అంత అందంగా ఉండదు, పెళ్లిళ్లలో ఎవరూ గొప్పగా చెప్పుకోరు. కానీ ఆకలికి ఆగుతుంది. పప్పు, పులుసు, పనసపొట్టు కూర లాంటి గట్టి వాటిని మోస్తుంది. మధ్యాహ్నం మిగిలిన అన్నం రాత్రి చూడండి. సన్నబియ్యం విడివిడిగా బిరుసెక్కి ఉంటే, స్వర్ణ మెత్తగానే ఉంటుంది. చద్దన్నంలో పెరుగు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ వేసుకునే అలవాటున్న ఇంటికి ఇంకో ఆలోచన అక్కర్లేదు. మా ఇంట్లో ఇప్పుడు బస్తా స్వర్ణ, చుట్టాలకోసం డబ్బాలో సన్నబియ్యం.

రకం కంటే ముఖ్యమైనది పాతదనం. సార్వా, అంటే వానాకాలపు పంట, ధాన్యం నవంబరు, డిసెంబరుల్లో కోస్తారు. సంక్రాంతికి మరపట్టించిన కొత్త బియ్యం పొంగలికి, పాయసానికి బాగుంటుంది గాని రోజూ అన్నానికి ముద్దయిపోతుంది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు కూడా ఎక్కువే అవుతాయి. అదే ధాన్యం ఆరు నెలలు దాటాక రెండున్నర దాకా తాగి గింజ విడుతుంది. కొట్లో అడిగితే అందరూ పాతవే అంటారు. రెండు గింజలు కొరికి చూడండి. కొత్త బియ్యం పంటికి మెత్తగా నలుగుతుంది, పాత బియ్యం కటుక్కుమంటుంది. వాసన కూడా వేరు. సంచి కొనే ముందు అరకిలో తెచ్చి ఒకపూట వండుకోవడం అన్నిటికన్నా నమ్మకం.

టిఫినుకు దిబ్బరొట్టె, పొట్టిక్కలు మధ్య పోటీ. రెంటికీ మినప్పప్పే ఆధారం. పొట్టిక్కలకు నాలుగు పనసాకులను కొబ్బరి ఈనెలతో కుట్టి బుట్టలా చేసి, అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. విప్పేటప్పుడు ఆకు ఈనెల గుర్తులు తెల్లటి పిండి మీద అచ్చుపడి ఉంటాయి, పనసాకు వాసన ఆవిరితో పాటు ముఖానికి కొడుతుంది. అంబాజీపేట వెళ్లి తినడమే మేలు. ఇంట్లో రోజూ బుట్టలు కుట్టే తీరిక ఎవరికుంది? దిబ్బరొట్టెకు అంత హంగామా లేదు. మందపాటి మూకుడులో నూనె వేసి, పిండి రెండు అంగుళాల మందాన పోసి, మూతపెట్టి సన్నటి సెగ మీద వదిలేయాలి. తొందరపడి మంట పెంచితే అడుగు మాడి, నడుమ పచ్చిగా మిగులుతుంది. అడుగు రాగి రంగు తిరిగిందంటే సరిపోయినట్టే. చెరుకుపానకంతో తింటారు, నాకు అల్లప్పచ్చడి. ఆదివారానికి దిబ్బరొట్టె నా ఎంపిక.

పుస్తెలమ్మైనా గోదావరి పులస చేప తినాలంటారు. రోజువారీ ఎంపికల్లో పుస్తెల దాకా పోయేవాటికి చోటు లేదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

ఒంటి మీదికి, ఊరవతలికి

చీరల్లో ఉప్పాడ జాంధానీ, బండారులంక నూలు రెండూ చేనేతే, కానీ పోటీ పెట్టకూడదు. ఉప్పాడ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేసేటప్పుడే విడి దారాన్ని చేత్తో చొప్పించి పువ్వు తీస్తారు, అందుకే వెనక్కి తిప్పినా పువ్వు శుభ్రంగా కనిపిస్తుంది, దారాలు వేలాడవు. కొనేటప్పుడు తిప్పి చూడటమే పరీక్ష. పెళ్లికి, పేరంటానికి అది. రోజూ బడికో, ఆఫీసుకో కట్టుకోవడానికి అమలాపురం పక్కనే ఉన్న బండారులంక నూలు చీర. మొదటిసారి గంజి పెళపెళలాడుతుంది. నాలుగైదు ఉతుకులయ్యాక మెత్తబడి, చెమటను పీల్చుకుంటుంది. జూన్‌లో వాన పడక ముందు ఉండే ఆ ఉక్కలో పాలియెస్టరు కట్టుకుని నిలబడగలవారికి నా నమస్కారం. రంగు చీర కొంటే మొదటి ఉతుకు విడిగా.

సాయంత్రం నడకకు కాలువ గట్టు దగ్గరే గాని, గోదావరి గట్టు మేలు. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలిన నీటి వాసనకు అటు పోలేం. ఏటిగట్టు మీద ఆ బాధ లేదు. ఇంకొంచెం సమయం ఉంటే సఖినేటిపల్లి వెళ్లి నరసాపురం పంటు, అంటే ఏరు దాటించే పడవ, ఎక్కండి. రేవు దాటినంతసేపూ గాలి, దిగితే అవతల టీ.

ఊరెళ్లేవారి చేతికి ఏ మిఠాయి ఇవ్వాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. ఆత్రేయపురం పూతరేకులు ఆ పూటకో, మర్నాటికో తినేవారికి. బోర్లించిన కుండ మీద తీసిన పొర కాగితం కంటే పలచన, వానాకాలపు గాలి తగిలితే మెత్తబడిపోతుంది. పంచదారవి కంటే బెల్లంవి కొనండి, నెయ్యి వాసన బెల్లంతోనే కుదురుతుంది. రైల్లో రాత్రంతా పోవాలంటే తాపేశ్వరం మడతకాజా. పొరల్లో పాకం పట్టి ఉంటుంది, పెట్టె అటూ ఇటూ అయినా చెడదు. కాకినాడ గొట్టం కాజా రుచిలో దానికి తీసిపోదు గాని కొరకగానే లోపలి పాకం చొక్కా మీదికి వస్తుంది. పిల్లలున్న ఇంటికి పంపితే చేతిరుమాలు కూడా పెట్టండి.